తమ్ముడి డబ్బు, దేవుడి క్షమాపణ

ఇల్లు కొనుక్కోవడానికని తమ్ముడు మీ దగ్గర దాచిన డబ్బు, అతనికి చెప్పకుండా షేర్లలో పెట్టి పోగొట్టారు. "శోధనలో పడ్డాను, ప్రార్థనలో ఏడ్చి ఒప్పుకున్నాను, ప్రభువు క్షమించాడు, సంఘంలో సాక్ష్యం కూడా చెప్పాను. దేవుడే మరిచిపోయిన పాపాన్ని నా భార్య రోజూ తవ్వుతోంది. ఆమెకు ఏ వాక్యం చూపించాలి?" అని అడిగారు.

ఏ వాక్యమూ అక్కర్లేదు. ఆవిడ మీకన్నా బాగానే చదివినట్టుంది.

ఇంత ఉత్తరంలో మీ ఆవిడ మొండితనం ఉంది, పాస్టర్ గారి ఓదార్పు ఉంది, సైతాను తంత్రాలున్నాయి. తమ్ముడి గురించి మాత్రం ఒకే ఒక్క ముక్క: "వాడికింకా తెలియదు, తెలిస్తే టెన్షన్ పడతాడు." టెన్షన్ అతనికా, మీకా? అతనికే తెలియనప్పుడు సంఘంలో చెప్పిన సాక్ష్యం ఏమిటి? "ఒక బలహీనత నుంచి ప్రభువు విడిపించాడు" అని ఉంటారు. అందరూ ఆమెన్ అని ఉంటారు.

బైబిల్లో లేవీయకాండము 6వ అధ్యాయం మొదటి ఏడు వచనాలు తీయండి. అచ్చంగా మీ సంగతే. నమ్మి అప్పగించిన సొమ్ము విషయంలో మోసం చేసినవాడు అసలు మొత్తానికి ఐదో వంతు కలిపి సొంతదారుకి ఇచ్చుకోవాలి, అదీ అపరాధ బలి తెచ్చే రోజునే. పొట్టేలు, యాజకుడు, ప్రాయశ్చిత్తం ఆ తర్వాతి సంగతి. పాత నిబంధన కదా అంటారేమో. మత్తయి 5లో యేసు చెప్పిన వరసా అదే: అర్పణ బలిపీఠం దగ్గరే వదిలేసి, ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడాలి. పన్నులు వసూలు చేసే జక్కయ్యనైతే ఎవరూ లెక్క అడగలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి తనే నాలుగింతలు ఇస్తానన్నాడు.

డబ్బు కట్టి క్షమాపణ కొనుక్కోమని నేను అనడం లేదు. క్షమాపణ ఉచితమే. దాని ఖర్చు తమ్ముడి నెత్తిన వేసే హక్కు మాత్రం మీకు లేదు.

ఇక సైతాను. మీ ఫోన్ తీసుకుని ఆ షేర్లు కొన్నది వాడు కాదు. ఎవరి దురాశే వాళ్లను ఈడుస్తుందని యాకోబు తన పత్రికలో స్పష్టంగా రాశాడు. దేవుడు నిలదీసినప్పుడు ఆదాము భార్యను చూపించాడు, మీరూ ఇప్పుడు మీ ఆవిడనే చూపిస్తున్నారు. పాపం ఆవిడ, మరిది ఫోన్ చేసి "వదినా, అంతా బాగేనా?" అన్నప్పుడల్లా ఏం చెప్పాలో తెలియక నలుగుతూ ఉంటుంది. ఆమె నోటితో కూడా అబద్ధం ఆడిస్తున్నారు, అదీ మీ ఖాతాలోదే.

ముందు మీ ఆవిడతో కూర్చుని, నెలనెలా ఎంత తీర్చగలరో కాగితం మీద లెక్క రాసుకోండి. అమ్మగలిగిన ఆస్తి ఏదైనా ఉంటే అదీ రాయండి. తర్వాత తమ్ముడిని కలవండి, మీరొక్కరే. పాస్టర్ గారిని వెంటబెట్టుకెళ్తే అతను మనసారా కోప్పడలేడు. శోధన, దేవుని చిత్తం అన్న మాటలు ఎత్తకుండా "నీ డబ్బు నేను పోగొట్టాను, నీకు చెప్పకుండా దాచాను" అనండి. అరుస్తాడు, కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. క్షమించడం క్రైస్తవుడిగా నీ బాధ్యత అని అతనికి గుర్తు చేయకండి. క్షమించినా క్షమించకపోయినా, కాగితం మీద రాసుకున్న మొత్తం వచ్చే నెల నుంచే పంపడం మొదలుపెట్టండి.