సూది తీస్తే మంచం కిందకి దూరిపోతున్నాడు

ప్రశ్న: మేడమ్, మా బాబుకి అయిదేళ్లు. ఊరికే నీళ్లు తాగుతున్నాడు, రాత్రి పక్క తడిపేస్తున్నాడు, చిక్కిపోతున్నాడు అని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే టైప్ 1 డయాబెటిస్ అన్నారు, ఇది జరిగి రెండు నెలలైంది. రోజుకి నాలుగు ఇంజెక్షన్లు. ఇన్సులిన్ పెన్ బయటికి తీశానంటే చాలు మంచం కింద దూరిపోతాడు, వాళ్ల నాన్న బయటికి లాగి గట్టిగా పట్టుకుంటే నేను పొడుస్తాను, అయ్యాక వాడూ ఏడుస్తాడు నేనూ ఏడుస్తాను. మొన్న రాత్రి పడుకునే ముందు "అమ్మా నేనింక అల్లరి చెయ్యను, సూది మానేద్దామా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. వాడికి ఏమని చెప్పాలి? ఎనిమిదేళ్ల మా పాప కూడా ఈ మధ్య ముభావంగా ఉంటోంది.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివింది ఆ అల్లరి మాటే. సూది నొప్పికన్నా ముందు చూడాల్సింది అది. అయిదేళ్ల పిల్లాడికి ఏది జరిగినా తనవల్లే జరిగిందనిపిస్తుంది, తను ఏదో తప్పు చేశాడు కాబట్టి అమ్మా నాన్నా రోజుకి నాలుగుసార్లు శిక్ష వేస్తున్నారు, మంచిగా ఉంటే ఆపేస్తారు అని వాడి లెక్క. ఆ లెక్క వాడి మనసులో ఉన్నంతకాలం మీరు ఎంత బుజ్జగించినా వాడు మంచం కిందకే పోతాడు.

అందుకని సూది టైమ్‌లో కాకుండా ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు "నీకు ఇది ఎందుకొచ్చిందనుకుంటున్నావ్ నాన్నా" అని అడగండి, అడిగి ఊరుకోండి, వాడే చెప్తాడు. అప్పుడు ఇలా చెప్పండి: "నీ పొట్టలో వెనకవైపు ఒక చిన్న భాగం ఉంది, ఇన్సులిన్ అది తయారుచేసేది. ఇప్పుడు చెయ్యలేకపోతోంది. నువ్వు తిన్న అన్నం నీకు బలంగా మారాలంటే ఇన్సులిన్ కావాలి, అందుకే మనం బయటినుంచి ఇస్తున్నాం. నువ్వు అల్లరి చేసినందుకు రాలేదు, చాక్లెట్ తిన్నందుకు రాలేదు, ఇది ఎవరికీ అంటుకోదు." అంతే చాలు. కానీ ఒకసారి చెప్తే సరిపోదు, అదే మాట వందసార్లు చెప్పాల్సొస్తుంది, పిల్లలు మర్చిపోయి కాదు, మళ్లీ వినాలనిపించి అడుగుతారు. ఇది నిజం కూడా, ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున ఇన్సులిన్ తయారుచేసే కణాలని దెబ్బతీస్తే వచ్చేది ఇది, మీరు పెట్టిన తిండివల్ల కాదు. మీరు కూడా రాత్రుళ్లు లెక్కలు వేసుకుంటూ ఉంటారని నాకు తెలుసు, ఆపెయ్యండి.

"కొన్నాళ్లే, తగ్గిపోతుంది" అని మాత్రం చెప్పకండి. "నొప్పి ఉండదు" అని కూడా అనొద్దు, ఒక్కసారి అబద్ధమని తెలిస్తే ఇంక మీరేం చెప్పినా నమ్మడు. "చిటుక్కుమంటుంది, వెంటనే పోతుంది" అనండి. అన్నం తినకపోతే సూది వేస్తా అని ఇంట్లో ఎవరు బెదిరించినా గట్టిగా ఆపండి.

ఇంక పట్టుకోవడం గురించి. లాగి అదిమిపెట్టడం మానేసి నాన్న ఒళ్లో కూచోబెట్టుకుని వెనకనుంచి వాటేసుకోమనండి, చూడ్డానికి చిన్న తేడానే కానీ పిల్లాడికి చాలా పెద్ద తేడా. "ఇప్పుడు వేసుకుందామా" అని అడగొద్దు, వద్దంటాడు, వద్దన్నాక వేస్తే మోసపోయాననుకుంటాడు. "ఎడమ తొడా కుడి తొడా" అని అడగండి, షుగర్ చూసే మీటర్‌కి ఏ వేలు అని అడగండి. ఒకే చోట వెయ్యకూడదు కదా, గడ్డలా కట్టి ఇన్సులిన్ సరిగ్గా ఎక్కదు, కాబట్టి చోటు మార్చే పని వాడికే అప్పజెప్పొచ్చు. వేలి కొస మధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. వాడుతున్న పెన్ ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసి చల్లగా వేస్తే చురుక్కుమంటుంది, గది వేడికి వచ్చాక వెయ్యండి. పొడిచేటప్పుడు నోటితో గట్టిగా గాలి ఊదమనండి, సబ్బు బుడగలైతే ఇంకా మంచిది.

నేను చూసిన ఒక పాప తన టెడ్డీకి సూదిలేని ఖాళీ పెన్‌తో రోజూ ఇంజెక్షన్ వేసేది, వేసేముందు దాని చెవి దగ్గర మెల్లగా "నీ తప్పేం లేదు, ఏడిస్తే ఏడువు, నేనిక్కడే ఉన్నా" అనేది. వాళ్లమ్మ చెప్పిన మాటలే అవి, అక్షరం పోకుండా. మీ వాడికీ ఒక బొమ్మనివ్వండి, ఆ బొమ్మతో ఏం మాట్లాడుతున్నాడో పక్కనుంచి వినండి, వాడి లోపల ఏముందో అక్కడ తెలుస్తుంది.

మీటర్‌లో నంబర్ ఎక్కువొస్తే "అయ్యో ఇంతుందా, ఏం తిన్నావ్" అని మొహం మార్చొద్దు. అది మంచి నంబరూ కాదు చెడ్డ నంబరూ కాదు, ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్పే నంబర్, అంతే. తిట్లు తిన్న పిల్లలు రేపు దాచిపెట్టడం నేర్చుకుంటారు. షుగర్ బాగా తగ్గినప్పుడు, అంటే "లో" అయినప్పుడు ఒళ్లు ఎలా ఉంటుందో వాడి మాటల్లోనే చెప్పించండి, ఒక బాబు "మోకాళ్లు మెత్తబడ్డాయి" అనేవాడు, ఇంట్లో అందరికీ ఆ మాటే గుర్తు. కారణం లేకుండా పేచీ పెట్టినా, చెమట పట్టినా, పాలిపోయినా కోప్పడేముందు మీటర్ పెట్టండి. 70 కన్నా తక్కువుంటే వెంటనే గ్లూకోజో జ్యూసో ఇవ్వాలి, చిన్నపిల్లలకి మామూలుగా 5 నుంచి 10 గ్రాముల చక్కెర సరిపోతుంది, మీ బాబుకెంతో డాక్టర్‌ని అడిగి రాసిపెట్టుకోండి, 15 నిమిషాలయ్యాక మళ్లీ చూడండి. చాక్లెట్ వద్దు, అందులో కొవ్వువల్ల నెమ్మదిగా పనిచేస్తుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, పక్కకి తిప్పి పడుకోబెట్టండి, షుగర్‌ని పెంచే గ్లూకగాన్ మందు ఇవ్వడం మీకు నేర్పి ఉంటే అది ఇచ్చి వెంటనే ఎమర్జెన్సీకి ఫోన్ చెయ్యండి. వాంతులు, కడుపునొప్పి, వేగంగా ఊపిరి తీస్తున్నా ఆగకండి, ఆసుపత్రికే. తినట్లేదని ఇన్సులిన్ పూర్తిగా ఆపెయ్యడం మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు, డోస్ ఎంతో డాక్టర్‌ని అడగండి.

పొడుస్తున్నాను అని రాశారు, ఆ మాట చదివి నాకు బాధేసింది. 1922 జనవరి 11న టొరంటోలో 14 ఏళ్ల కుర్రాడికి మొట్టమొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు, ఆ మందు సరిగ్గా శుద్ధి కాలేదు, అంతగా పనిచెయ్యలేదు, 12 రోజుల తర్వాత బాగుచేసి మళ్లీ ఇస్తే పిల్లాడు తేరుకున్నాడు. అంతకుముందు ఈ జబ్బొచ్చిన పిల్లల్ని పస్తులుంచడం తప్ప డాక్టర్లకి ఇంకో దారి లేదు, అలా ఉంచినా ఎక్కువకాలం దక్కేవాళ్లు కాదు. మీ చేతిలో ఉన్న పెన్ అదమ్మా. మీరు వాడికి అన్నం పెడుతున్నట్టే ఇది కూడా.

పాప సంగతి. దానికి రెండు భయాలుండొచ్చు, నాకూ వస్తుందా అని ఒకటి, నన్నెవరూ పట్టించుకోవట్లేదని ఇంకోటి. తోబుట్టువుల్లో ఎక్కువమందికి ఇది రాదని దానికి స్పష్టంగా చెప్పండి. ఎప్పుడో కోపంలో తమ్ముణ్ణి ఏదో అని ఉంటుంది, దానివల్లే వచ్చిందనుకుంటోందేమో, అది కూడా మెల్లగా అడగండి. తమ్ముడికి షుగర్ "లో" అయితే పెద్దవాళ్లని పిలవడం ఒక్కటే దాని పని, కాపలా పని పెట్టొద్దు. మీటర్ గురించీ ఇన్సులిన్ గురించీ ఒక్క మాట కూడా రాకుండా రోజూ ఒక పావుగంట దానితో మాత్రమే ఉండండి, ఆ టైమ్‌లో బాబుని వాళ్ల నాన్న చూసుకుంటారు.