టైగర్ బార్బ్‌లను తగ్గించొద్దు, పెంచు

అబ్బయా,

నువ్వు పంపిన చేపల తొట్టి ఫొటో చూశా. ఏంజెల్ చేపకి కింద మీసాల్లా వేలాడే రెక్కలు సగానికి తెగిపోయినాయి, గప్పీ తోక పీలికలైంది. ఇది జబ్బు కాదు, నల్ల చారల చేపలు, నీ మూడు టైగర్ బార్బ్‌ల పనే, కాబట్టి షాపు వాడిచ్చిన ఆ నీలం మందు పక్కన పెట్టు.

రెండింటిని తిరిగిచ్చేసి ఒక్కదాన్నే ఉంచుకుంటా అన్నావే, ఆ పని మాత్రం చెయ్యబాక. సుమత్రా, బోర్నియో దీవుల్లో గుంపులుగా తిరిగే చేపలివి. గుంపులో ఎవరు పెద్ద అని పొద్దస్తమానం తగాదాలే, ఒకదాన్నొకటి తరుముకుంటా, పొడుచుకుంటా ఉంటాయి. తమలో తాము కొట్టుకోడానికి సరిపడా జనం లేకపోతే పక్కవాళ్ల మీద పడతాయి. కనీసం ఎనిమిది ఉండాలి, పదైతే ఇంకా మేలు, అన్నీ ఒకే సైజువి తీసుకో. చెన్నై కొళత్తూరు రంగు చేపల మార్కెట్‌కి పోయే వాళ్లెవరైనా ఉంటే తెప్పించుకో, కానీ తెచ్చినవాటిని రెండు వారాలు వేరే టబ్బులో ఉంచాకే కలుపు.

నీ రెండడుగుల తొట్టి ఇరుకు. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటే దాదాపు 125 లీటర్లు పడతాయి, అది చాలు. పది ఉన్నాయి కదా అని ఏంజెల్స్‌ని మళ్లీ అందులోనే వేస్తావేమో, వద్దు. నిదానంగా కదిలే పొడుగు రెక్కల చేప ఏదైనా సరే, గప్పీ, ఫైటర్, గౌరామి, వాటి కంట పడితే పొడవకుండా ఉండవు. జీబ్రా డానియోలు, రోజీ బార్బ్‌లు చురుకైనవి, వీటికి చిక్కవు. చారలు ముచ్చటగా ఉన్నాయని క్లౌన్ లోచ్ అంటగడతారు, అది అడుగు పొడవు దాకా పెరిగే చేప.

కడుపు నిండా మేపితే పొడవడం మానతాయనుకోకు, కాస్త తగ్గుతుందేమో గానీ ఆ బుద్ధి పోదు. లైటు ఆపినాక తల కిందికి పెట్టి వేలాడతా కనిపిస్తాయి, టెన్షన్ పడి నాకు ఫోన్ చెయ్యకు, అవి నిద్రపోయే తీరే అంత.

మన నెల్లూరు ఎండలు వాటికి పడవు, 22 నుంచి 26 డిగ్రీల నీళ్లయితే హాయిగా ఉంటాయి. మే నెలలో తొట్టి మూత తీసేసి నీళ్ల మీదికి చిన్న ఫ్యాన్ తిప్పు, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, గాలి పంపు మాత్రం ఆపొద్దు. ఉత్త మినరల్ వాటర్, అంటే క్యాన్లలో వచ్చే ఆర్వో నీళ్లు, పొయ్యకు, పేరుకే మినరల్ గానీ అందులో లవణాలు పెద్దగా ఉండవు.

ఏంజెల్స్‌ని, గప్పీలని పాత తొట్టిలోనే ఉండనీ. రెక్క మొదలంటా పోలేదు కాబట్టి నీళ్లు శుభ్రంగా ఉంటే మళ్లీ వస్తుంది. తెగిన అంచు తెల్లగా బూజు పట్టినట్టు కనపడితే అప్పుడు ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న