పాత్రకు ముద్ర వేసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. పన్నెండేళ్ల పిల్లవాడు పక్కింటి సైకిలు ఎత్తుకుపోయిన ఘట్టాన్ని చక్కగా రాశావు. అయితే ఆ మరుసటి పేరాలోనే, కథ చెబుతున్న నీవే వాడిని 'ఆ దొంగ' అన్నావు. అక్కడి నుంచి చివరిదాకా వాడికి మరో పేరే లేకుండా పోయింది. 'దొంగిలించాడు' అనే క్రియకు కాలం ఉంది, అది ఒకనాడు జరిగి ముగిసిన పని. 'దొంగ' అనే నామవాచకానికి కాలం లేదు.

సామాజిక శాస్త్రవేత్త ఎడ్విన్ లెమర్ట్ 1951లో ఈ తేడానే మరో విధంగా చూపాడు. ఎవరైనా, ఏ కారణంతోనైనా చేసే తొలి తప్పు వేరు. నలుగురూ వేసిన ముద్రను తన గుర్తింపుగా స్వీకరించాక మనిషి చేసే తప్పు వేరు. నీ కథ ఈ రెంటి నడుమ ఉంది. ఏ వస్తువు పోయినా చూపులన్నీ ముందుగా వాడి మీదికే తిరగడం, తల్లులు తమ పిల్లలను వాడితో ఆడనివ్వకపోవడం, పెద్దయ్యాక పనిలో పెట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాకపోవడం, చివరకు అదే ముద్ర మోస్తున్న మరికొందరి దగ్గర మాత్రమే వాడికి కూర్చునే చోటు దొరకడం: ఇవన్నీ నీవు వదిలేశావు. ఆ చోట వాడిని ఎవరూ సంజాయిషీ అడగరు. ఆ ఊరట ఎంత బలమైనదో పాఠకుడికి తెలిస్తే, రెండో దొంగతనానికి వేరే కారణం చెప్పవలసిన పని ఉండదు.

విలియం చాంబ్లిస్ అనే మరో సామాజిక శాస్త్రవేత్త 1973లో ప్రచురించిన అధ్యయనం ఒకటి నాకు తరచు గుర్తుకొస్తుంది. అమెరికాలో ఒకే పాఠశాలకు చెందిన రెండు జట్ల కుర్రవాళ్లను ఆయన గమనించాడు. కలిగిన కుటుంబాల పిల్లలు ఎనిమిది మంది, పేద కుటుంబాల పిల్లలు ఆరుగురు. అల్లరిలో, చట్టాన్ని మీరడంలో ఎవరూ ఎవరికీ తీసిపోలేదు. అయినా ఎనిమిది మందిలో ఒక్కరూ అరెస్టు కాలేదు, ఆరుగురు మాత్రం ఎప్పుడూ పోలీసుల కంట్లోనే ఉన్నారు. ఆ ఆరుగురిలో ఇద్దరు తర్వాత హత్యానేరాలకు జైలు పాలయ్యారు. మరో ఇద్దరిని ఆటలోని నేర్పు కళాశాలకు చేర్చింది. ముద్ర పడిన ప్రతివాడూ అదే దారిన పోతాడని రాస్తే, అదీ ఒక ముద్రే అవుతుంది కనుక, ఈ చివరి ఇద్దరినీ మరచిపోకు.

సైకిలు పోగొట్టుకున్నవాడి బాధను మాత్రం తగ్గించవద్దు. వాడి కోపం న్యాయమైనదే. తిరగరాసేటప్పుడు, 'దొంగ' అనే మాట మొదటిసారి ఎవరి నోట వచ్చిందో, అది చెవిన పడినప్పుడు ఆ పిల్లవాడు ఎక్కడ నిలబడి ఉన్నాడో రాసి పంపు.