మీ అబ్బాయి సంగతి తరువాత, ముందు మీ ఇంటాయన

దేవరకద్ర అవతలి పల్లె నుంచి ఒక తల్లి పెద్ద ఉత్తరం రాశారు. నాలుగెకరాల్లో పత్తి, వరి. భర్త తాగడు, చెయ్యి చేసుకోడు. కోపమొస్తే మాత్రం వారం పది రోజులు మాటలు బంద్ చేస్తాడు. ఈమె మహిళా సంఘంలో రెండో లీడరు. రెండేళ్ల కింద సంఘం లోనులో తన వంతు 60,000 తీసుకుని, అప్పుల్లో ఉన్న తమ్మునికి ఇచ్చారు. తీర్మానం పుస్తకంలో బర్రె కోసమని రాయించారు. ఇంటాయనకు మాత్రం కొడుకు కాలేజీకి కట్టామని చెప్పారు. 'రీయింబర్స్‌మెంట్ రాలేదట, ముందు మనమే కట్టాల్నట' అని, పిల్లవాడితో కూడా అదే మాట అనిపించారు.

ఇప్పుడా పిల్లవాడు మహబూబ్‌నగర్‌లో డిగ్రీ రెండో సంవత్సరం. మొన్న తండ్రి దగ్గర ఫీజుకని 25,000 తీసుకుని ఫోన్‌లో బెట్టింగ్ ఆడి పోగొట్టాడు. ఈ సంగతి తల్లికి తెలిసింది, తండ్రికి తెలియదు. 'నేను పుట్టినకాంచి ఒకరి పైస ముట్టినదాన్ని కాదు. సంఘంల నా మాటంటే మాటే. నా కడుపున పుట్టినోడు ఇట్లెందుకైండో సమజైతలేదు. కురుమూర్తి జాతరకు తీస్కపోయి స్వామి ముందర ప్రమాణం చేయిద్దామనుకుంటున్న. మారుతడా?' అని అడుగుతున్నారు.

అమ్మా, మారడు. ప్రమాణం చేయించొద్దు. జాతరకు పొండి, వడ్డెమాన్ నుంచి వచ్చే ఉద్దాలకు, అదే స్వామి పాదుకలకు, దండం పెట్టుకోండి, అది మీ ఇంటి మొక్కు. బెట్టింగ్‌లో పడ్డ పిల్లలు ఒట్లు వేయడానికి వెనకాడరు. వేసిన ఒట్టు తప్పాక, దేవుని ముందు అబద్ధమాడానన్న భయం కూడా తోడై ఇంకా లోపలికి ముడుచుకుంటారు. మీరడిగిన దానికి నా జవాబు అంతే.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం వేరే ఉంది. మీ అబ్బాయి తండ్రిని 25,000 ఎట్లా అడిగాడో మీరే రాశారు: 'రీయింబర్స్‌మెంట్ రాలేదట, ముందు మనమే కట్టాల్నట.' ఒక్క అక్షరం తేడా లేదు. ఆ పిల్లవాడు కొత్తగా ఏమీ కల్పించలేదు. ఈ ఇంట్లో నాయినతో పైసల సంగతి ఎట్లా మాట్లాడాలో రెండేళ్ల కింద మీరు నేర్పిన తీరులోనే మాట్లాడాడు. కాబట్టి 'వీడెట్లా అయ్యాడు' అని నన్ను అడగకండి, నాకు కోపమొస్తుంది.

మీకూ మీ ఇంటాయనకూ మధ్య ఏమైందో చూడండి. పెండ్లయిన కొత్తలో మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఇద్దరూ పూణే పనికి పోయామని రాశారు. రేకుల షెడ్డులో ఉండి, ఒక్కో సీజను ఒక్కో బాకీ తెంపుకుంటూ ఊరికి తిరిగొచ్చి, ఆ నాలుగెకరాలను నిలబెట్టుకున్నారు. పాలమూరులో ఎన్ని కొంపలు ఆ అడ్వాన్సుల కింద మునిగాయో మీకు తెలుసు. మీ కొంప మునగలేదంటే ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు పైస దాచకుండా బతికినందుకే. అప్పు అనే మాట వింటే ఆ మనిషి తట్టుకోలేడని ఎట్లా అనుకున్నారు? మీతో కలిసి అప్పు మోసినవాడే కదా!

తమ్మునికి ఇవ్వడం తప్పని నేను అనను. మీ ఆడబిడ్డ కూతురి పెండ్లికి ఆయన 50,000 ఇచ్చాడని, అందరి ముందే ఇచ్చాడని, ఆ రోజు మీరే వండి పెట్టారని రాశారు. ఆయన తోబుట్టువుకు పట్టపగలు ఇచ్చినప్పుడు, మీ తోబుట్టువుకు మీరు దొంగచాటుగా ఎందుకివ్వాలి? పత్తి ఏరేది మీరు, కలుపు తీసేది మీరు, సంఘం కిస్తీ కట్టేదీ మీ కూలి పైసలతోనే. అడుక్కోవాల్సిన అవసరం లేదు. 'నా తమ్ముడు ఆపదలో ఉన్నాడు, ఇస్తున్నా' అని చెప్పే హక్కు మీకుంది. ఆ హక్కును మీరే వదులుకున్నారు. ఆయన నాలుగు రోజులు మాట్లాడడన్న భయానికి వదిలేశారు, పైగా ఆ భయాన్ని పిల్లవాడి నెత్తిన పెట్టారు. తల్లిగారింటికి పెట్టేది ఏదైనా దాచిపెట్టాలన్న ఈ అలవాటు మన ఆడవాళ్లలో ఎంత పాతుకుపోయిందో చూస్తే నాకు బాధేస్తుంది.

ఇంకొకటి. ఆ 60,000 ఎక్కడికి పోయిందో సంఘంలో అందరికీ తెలుసన్నారు. 'మగోళ్లకు ఏం చెప్తమక్కా' అని వాళ్లే అన్నారట. ఒక నెల మీ దగ్గర లేకపోతే ఒకామె మీ కిస్తీ కట్టిందట. మంచి మనుషులు, కాదనను. కానీ ఊళ్లో ఇంతమంది ఆడవాళ్లకు తెలిసింది రేపు ఎవరి మొగుడి నోటో చాయ్ హోటల్ దగ్గర ఆయన చెవిన పడితే? అప్పుడు ఆయనకు కోపం పైసల మీద రాదు. ఊరంతటికీ తెలిసి తనకొక్కడికే తెలియనందుకు వస్తుంది. ఆ అవమానం నుంచి ఆయన్ని కాపాడాల్సింది మీరే.

అందుకే ముందు మీ మాట. పిల్లవాడి సంగతి ఎత్తకుండా మీది చెప్పండి. అన్నం ముందు కూర్చున్నప్పుడు వద్దు, అత్తమ్మ ఉన్నప్పుడు వద్దు. చేను దగ్గర ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. ముందు లెక్క చెప్పండి: ఇంత తీసుకున్నా, ఇంత కట్టినా, ఇంకా ఇంతుంది. సంఘం పాసుబుక్కు చేతిలో పెట్టండి. తమ్ముని కష్టాల కథ ఆయన అడిగితేనే. ఆయన మాటలు బంద్ చేస్తే చేయనివ్వండి. మీరు మాత్రం రోజూ మాట్లాడుతూనే ఉండండి, చాయ్ ఇవ్వండి, పనికి పిలవండి. కొడుకును మధ్యవర్తిగా పంపొద్దు. ఆ ఇంట్లో వాడు మోసింది చాలు.

మీది అయ్యాక వాడిది. అది వాడే చెప్పాలి, మీరు పక్కన ఉండాలి. అంతకుముందు వాణ్ని ఒక్క మాట నిదానంగా అడగండి: లోన్ యాపుల్లో ఏమన్నా తీసుకున్నావా అని. బెట్టింగ్ వెనకాలే ఆ అప్పులొస్తాయి, తరువాత బెదిరింపు ఫోన్లు, ఫొటోలు మార్చి చుట్టాలకు పంపడం. అట్లాంటిది ఉంటే ఇంకో పైస కట్టకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మన తెలంగాణలో ఆన్‌లైన్ జూదం 2017 నుంచే నిషిద్ధం, 2025లో కేంద్రం కూడా పైసల ఆటలను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. అయినా ఏదో ఒక లింకు ఫోన్‌లోకి వస్తూనే ఉంటుంది. పోయింది ఆడి రాబట్టుకుంటానని వాడంటే అస్సలు వినకండి. వాడి మనసు బాగోలేదనిపిస్తే 14416కు ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

పత్తి చేసే ఇల్లు కనుక ఇది కూడా చెప్పాలి. పురుగుల మందు డబ్బాలు ఇంట్లోనో కొట్టంలోనో ఉంటే ఇవాళే తాళం వేసి, చెవి మీ దగ్గర పెట్టుకోండి. వాడు అట్లాంటోడు కాదని అనకండి. అప్పు బయటపడి తండ్రి ముఖం చూడలేని ఇరవై ఏళ్ల పిల్లవాడి విషయంలో ఎవరమూ అట్లా అనుకుని కూర్చోకూడదు.

సంఘంలో వచ్చే మీటింగుకు పోయి, బర్రె అని రాయించింది తప్పని మీరే చెప్పి పుస్తకంలో సరిచేయించండి. రెండో లీడరు రాయించిన అబద్ధం అక్కడ ఉన్నంతకాలం రేపు ఇంకొకామె రాయిస్తే మీరు ఆపలేరు. కిస్తీ గడువు మాత్రం దాటనివ్వకండి. మీ ఒక్కరి ఆలస్యంతో అందరి వడ్డీ రాయితీ చిక్కుల్లో పడుతుంది. ఆదుకున్న ఆమె పైసలు ముందు తీర్చండి.

కాలేజీ బాకీ నిజంగా ఎంతుందో పిల్లవాణ్ని అడగొద్దు, తండ్రీ మీరూ కలిసి ఆఫీసుకే పోయి కనుక్కోండి. పరీక్ష ఫీజు తేదీ కూడా అక్కడే అడగండి. కట్టేది ఏదైనా నేరుగా కౌంటర్‌లో మీరే కట్టి, రసీదు తీసుకోండి.