మణికట్టు ఆపరేషన్ అయింది, శ్రావణం గిరాకీకి మెషీన్ ఎక్కగలనా?

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో టైలరింగ్ షాపు నడుపుతున్నాను. వయసు 44. మేడమెట్ల మీద జారిపడి కుడి మణికట్టు విరిగింది. ప్లేటు, స్క్రూలు వేశారు. డిశ్చార్జి అయి పది రోజులైంది. ఆరోగ్య బీమా క్యాష్‌లెస్ పోగా చేతి నుంచి 14,000 పెట్టుకున్నాం. షాపు అద్దె 4,500, ఓవర్‌లాక్ మెషీన్ కిస్తు 3,800, ఇంటి ఖర్చులో నా వాటా 10,000. బ్యాంకులో 1.5 లక్షల ఎఫ్‌డీ, బయట లక్ష రూపాయల చీటీ ఉన్నాయి. శ్రావణానికి నెలన్నర ఉంది. అప్పటికి పని చేయగలనా? ఎఫ్‌డీ తీసేయాలా, నగలు కుదువ పెట్టాలా? 20 రూపాయల బీమా డబ్బు వస్తుందా?

జవాబు: శ్రావణం బ్లౌజులు ఒప్పుకోండి. కానీ కత్తెర మీరే పడతారని మాత్రం లెక్క వేసుకోవద్దు.

ప్లేటు వేసిన మణికట్టుకు మామూలుగా 10 నుంచి 14 రోజుల్లో కుట్లు తీస్తారు. ఆ తర్వాత చాలామందికి తీసి పెట్టుకునే స్ప్లింట్ (చేతికి ఆసరాగా ఉండే పట్టీ) ఇచ్చి, మణికట్టు కదిలించడం మొదలుపెట్టిస్తారు. ఆరో వారం దాకా ఆ చేత్తో టీ కప్పు, ఫోను, అన్నం ముద్ద వరకే. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఎక్స్‌రేలో ఎముక అతుక్కున్నట్టు కనిపిస్తే డాక్టరు బరువు కొద్దికొద్దిగా పెంచమంటారు. మోటారు మెషీన్ మీద నేరు కుట్లు, ఫాల్స్ అప్పుడు నెమ్మదిగా మొదలవుతాయి. నాలుగు మడతల గుడ్డను కత్తిరించాలంటే మాత్రం పిడికిలి బిగువు, బొటనవేలి బలం రెండూ కావాలి. దానికి మూడు నెలలు పట్టవచ్చు. పట్టు పూర్తిగా రావడానికి కొందరికి ఏడాది కూడా పడుతుంది. అందుకే శ్రావణంలో కటింగ్‌ను పీసుకు ఇంతని మాట్లాడి బయటి కటింగ్ మాస్టరుకు ఇవ్వండి. లాభం తగ్గుతుంది, ఖాతాదారులు మాత్రం పక్క వీధికి పోరు.

మూడు నెలలు మీ రాబడి సున్నా అనుకొనే లెక్క కడదాం. అద్దె, కిస్తు, ఇంటి వాటా కలిపి 18,300. మందులు, ఆటో, ఫిజియో కలిపితే నెలకు 20,000, మూడు నెలలకు 60,000. శ్రావణంలో వచ్చేది ఎంతైనా అది మిగులే.

ఫిజియో డబ్బు దగ్గర పొదుపు చేయకండి. ఈ ఆపరేషన్ తర్వాత ఎక్కువగా ఇబ్బంది పెట్టేది వేళ్లు బిగుసుకుపోవడం. నొప్పికి భయపడి చేతిని ఒళ్లో పెట్టుకు కూర్చుంటే వాపు దిగదు, వేళ్లు మడత పడవు, షాపు ఇంకో నెల మూత పడుతుంది. చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచి, ఐదు వేళ్లనూ పూర్తిగా ముడిచి చాచడం రోజుకు చాలాసార్లు చేయాలి. మోచేయి, భుజం కూడా ఆడించాలి. ప్రైవేటులో సిట్టింగ్ భారమైతే టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రిలోనో రుయా ప్రభుత్వాసుపత్రిలోనో అడగండి. వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు తీసుకెళ్లండి.

వేళ్ల తిమ్మిరి పెరగడం, గాయం ఎర్రబడి చీము కారడం, జ్వరం, చేయి రంగు మారి భరించలేని మంట, బొటనవేలు ఉన్నట్టుండి లేవకపోవడం లేదా ముడుచుకోకపోవడం, వీటిలో ఏది కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.

ఇక చాలామంది వదిలేసుకునే డబ్బు. క్యాష్‌లెస్ అయిపోయింది కదా అని ఫైలు బీరువాలో పెట్టేస్తారు. చాలా పాలసీల్లో డిశ్చార్జి తర్వాత 60 రోజుల ఖర్చు కూడా ఇస్తారు, కొన్నిట్లో 90 రోజులు. ఆసుపత్రిలో చేరకముందు 30 రోజుల ఖర్చూ వస్తుంది, అంటే పడిన రోజు తీయించిన మొదటి ఎక్స్‌రే బిల్లు కూడా పనికొస్తుంది. మీకు 60 రోజులే అయితే ఇంకా 50 ఉన్నాయి. ఫిజియో బిల్లును కంపెనీ తిరస్కరించడానికి సాధారణ కారణం డాక్టరు రాసిచ్చిన కాగితం లేకపోవడం. ‘ఫిజియోథెరపీ, ఇన్ని సిట్టింగులు’ అని ఆపరేషన్ చేసిన డాక్టరు చేతే రాయించుకోండి. మందుల షాపులో తెల్లకాగితం చీటీ కాకుండా మీ పేరు, తేదీ ఉన్న బిల్లు అడగండి. గడువు ముగిశాక బిల్లులు పంపడానికి పాలసీని బట్టి 15 రోజులో 30 రోజులో ఇస్తారు. అన్నీ ఒకేసారి, పాత క్లెయిమ్ నంబరు వేసి పంపండి. మీరు కట్టిన 14,000లో గ్లవ్స్ లాంటి వాటికి పోయింది రాదు. గది అద్దె పరిమితి దాటినందుకు కోత పడిందేమో మాత్రం సెటిల్‌మెంట్ లెటర్‌లో చూడండి.

20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా దీనికి రాదు. మరణానికి, పూర్తి శాశ్వత వైకల్యానికి 2 లక్షలు, ఒక చెయ్యి శాశ్వతంగా పనికిరాకుండా పోతే లక్ష. అతుక్కునే ఎముకకు ఏమీ లేదు. విడిగా వ్యక్తిగత ప్రమాద పాలసీ ఏదైనా ఉంటే, పనిచేయలేని వారాలకు వారానికింత అని ఇచ్చే షరతు అందులో ఉందేమో చూడండి.

ఎఫ్‌డీని తీసేయొద్దు, దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీని హామీగా ఉంచి, కావలసినప్పుడు కావలసినంత తీసుకునే అప్పు) తీసుకోండి. వడ్డీ సాధారణంగా ఎఫ్‌డీ రేటు కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ ఉంటుంది, అదీ వాడుకున్న డబ్బుకే. ఎనిమిదిన్నర శాతం అనుకుందాం. నెల మొదట్లో 20,000 చొప్పున మూడుసార్లు తీస్తే మూడు నెలలకు వడ్డీ దాదాపు 850. అదే 60,000కు నగలు పెట్టి రెండు రూపాయల వడ్డీకి తెస్తే 3,600. ఎఫ్‌డీ మధ్యలో తీస్తే చాలా బ్యాంకుల్లో అర నుంచి ఒక శాతం వడ్డీ కోత, పైగా ఉంచిన కాలానికి ఉన్న రేటే ఇస్తారు. మీది అయిదేళ్ల పన్ను ఆదా ఎఫ్‌డీ అయితే మాత్రం దాని మీద అప్పు పుట్టదు. అప్పుడు నగలు బ్యాంకులోనే పెట్టండి, వడ్డీ వ్యాపారి దగ్గర వద్దు.

చీటీ ఇప్పుడు పాడకండి. మీకు కావలసింది 60,000, అదీ విడతలుగా. తొందరలో పాడితే తగ్గింపు ఎక్కువ పోతుంది. కంతులు మాత్రం తప్పకండి.

ప్లేటు ఇబ్బంది పెడితే తర్వాతెప్పుడో తీయించాల్సి రావచ్చు. అది మరో అడ్మిషన్, మరో క్లెయిమ్. అందుకే ఈ ఆరోగ్య పాలసీ రెన్యువల్ తేదీని ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకోండి.