తగులబెట్టిన సినిమా

ప్రశ్న: రఘుపతి వెంకయ్య గారి కుమారుడు ప్రకాశ్ ఇంగ్లండు వెళ్లి బార్కర్ సంస్థలో సినిమా నిర్మాణం నేర్చుకున్నారని చదివాను. ఆ బార్కర్ ఎవరు? తాను తీసిన సినిమాను తానే తగులబెట్టించారనడం నిజమేనా?
— ఒక పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: నిజమే. విల్ బార్కర్ ఊరూరా తిరిగి సరుకు అమ్మిపెట్టే ఉద్యోగం చేస్తూ, సరదాకు కెమెరా పట్టి, చివరికి దానినే వృత్తిగా చేసుకున్నవారు. 1902లో లండన్ పశ్చిమ భాగాన ఈలింగ్‌లో ఒక పెద్ద ఇంటిని కొన్నారు. తరువాత పేరు మోసిన ఈలింగ్ స్టూడియోలు వెలిసింది ఆ స్థలంలోనే. 1909లో బార్కర్ మోషన్ ఫొటోగ్రఫీ సంస్థను ప్రారంభించారు.

మీరడిగిన సినిమా షేక్‌స్పియర్ నాటకం ఆధారంగా తీసిన 1911 నాటి ‘హెన్రీ ది ఎయిత్’. ఆ రోజుల్లో సినిమాను అడుగుల లెక్కన అమ్మేవారు. కొన్నవారు ఆ ప్రతిని గీతలు పడేదాకా ఆడించి, ఆపైన చవకగా మరొకరికి అమ్మివేసేవారు కనుక, ఎంత గొప్ప చిత్రమైనా కొద్ది కాలానికే వెలవెలబోయి చిన్న ఊళ్లకు చేరేది. లండన్ రంగస్థలాన్ని ఏలుతున్న హెర్బర్ట్ బీర్‌బోమ్ ట్రీ వంటి నటుడిని ఒప్పించాలంటే ఈ పద్ధతి పనికిరాదు. అందుకే బార్కర్ ఆయనకు ఒక్కరోజు నటనకు 1,000 పౌండ్లు ఇచ్చి, నాటకంలోని ఐదు దృశ్యాలను ఈలింగ్‌లో చిత్రించి, ఇరవై ప్రతులు మాత్రమే తీయించి, వాటిని అమ్మకుండా ఆరు వారాలపాటు అద్దెకు మాత్రమే ఇచ్చారు. గడువు తీరగానే, ఏప్రిల్ 13న, ప్రతులన్నింటినీ పదిమంది ఎదుట తగులబెట్టించారు. దీనిని పిచ్చి అనుకోనక్కరలేదు. ఇక దొరకదన్న సరుకుకు గిరాకీ పెరుగుతుందని అమ్మకాల్లో ఆరితేరిన మనిషికి తెలుసు. మనకు మాత్రం ట్రీ నటనను ఆ చిత్రంలో చూసే అవకాశం లేకుండా పోయింది.

తరువాత ఆయన భారీ చిత్రాల వైపు మళ్లారు. విక్టోరియా రాణి జీవితంపై 1913లో ‘సిక్స్టీ ఇయర్స్ ఎ క్వీన్’, వేలాది మందిని నిలబెట్టి 1915లో ‘జేన్ షోర్’ నిర్మించారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక సినిమాల నుంచి తప్పుకుని, 1951లో మరణించారు.

ప్రకాశ్ స్వదేశానికి వచ్చి 1921లో మద్రాసులో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. దాని ప్రతి కూడా నేడు లభించడం లేదు, దానిని ఎవరూ పనిగట్టుకుని తగులబెట్టకపోయినా.