లైబ్రరీ పీరియడుకు వెళ్లబోయే మేనకోడలికి

చి. అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గరి బడిలో సెలవు పెట్టిన టీచరుగారి బదులు కొన్నాళ్లు పాఠాలు చెప్పడానికి ఒప్పుకున్నావనీ, వాటిలో లైబ్రరీ పీరియడు ఉందని దిగులు పడుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఆ పీరియడులో ఏమీ తోచక చూచిరాత పెట్టి కూర్చునేవారు చాలామంది ఉన్నారు. నీవు మాత్రం ఒక్క పుస్తకాన్ని చక్కగా చదివి వినిపించు, అంతకు మించిన పాఠం అక్కరలేదు.

పుస్తకాల బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందో ముందురోజే కనుక్కో. అది సమయానికి దొరకకపోవచ్చు కాబట్టి నీ సంచిలో రెండు మూడు పుస్తకాలు ఎప్పుడూ ఉండాలి. నేషనల్ బుక్ ట్రస్టు వారి పిల్లల పుస్తకాలు చవకగా వస్తాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు కథలు, ఒడియా కథలు కూడా ఉచితంగా దొరుకుతాయి.

ఎంచుకున్న కథను ఇంటి దగ్గర ఒకసారి పైకి చదువుకుని వెళ్లు. పిల్లలను చాప మీద అర్ధవలయంగా కూర్చోబెట్టి, కిటికీ వారి వీపు వైపు ఉండేలా చూసుకో. అది నీ వెనుక ఉంటే వారి కళ్లకు వెలుతురే తప్ప బొమ్మ కనబడదు. పుస్తకాన్ని కింది అంచు దగ్గర పట్టుకుని, నీ ముఖానికి పక్కగా ఎత్తి, ప్రతి బొమ్మనూ ఈ చివరి నుంచి ఆ చివరికి నెమ్మదిగా తిప్పి చూపించు. ఏదో జరగబోతున్నదనిపించే చోట పుట తిప్పకుండా ఆగి, తరువాత ఏమవుతుందో వారినే చెప్పనివ్వు. ఎవరు ఏమి చెప్పినా తప్పనవద్దు, పుట తిప్పితే సంగతి దానంతటదే తేలుతుంది. కథ అయ్యాక నీతి ఏమిటని మాత్రం అడగవద్దు. ఆ ప్రశ్న వినగానే పిల్లలకు పరీక్ష గుర్తుకు వస్తుంది.

మీ తరగతిలో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే పిల్లలుంటారు, కొండల వైపు నుంచి వచ్చే సవర తెగ పిల్లలు కూడా ఉండవచ్చు. కథను తిరిగి చెప్పమన్నప్పుడు ఎవరి మాటలో వారిని చెప్పనివ్వు. ఆ పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం వారి భాషలోనే వాచకాలు వ్రాశారు. ఆ ఊరి దగ్గరే పాఠం చెప్పే నీకు అంతకంటే ధైర్యం ఏం కావాలి?

నాలుగు, అయిదు తరగతులకు పుస్తకాలను వేరు చేసే పని ఇవ్వు. ఇరవై పుస్తకాలు నేల మీద పరిచి, కల్పన ఒక వైపు, సమాచారం ఒక వైపు పెట్టమను. ఏనుగు మాట్లాడితే కథ, ఏనుగు ఏమి తింటుందో చెబితే సమాచారం. రెండూ కలిసిన పుస్తకం ఒకటి కావాలనే అందులో వేయి, వాదన బాగా సాగుతుంది. పెద్ద గ్రంథాలయాలలో డ్యూయీ పద్ధతిలో జానపద కథలకు 398, జంతువులకు 590 అని అంకెలుంటాయి కానీ ఆ వయసుకు అవి అనవసరం. అక్షరక్రమం నేర్పాలంటే చీటీల మీద పిల్లల పేర్లే వ్రాయించి వరుసలో పెట్టించు. తెలుగు, ఒడియా అక్షరమాలల వరుస దాదాపు ఒక్కటే కాబట్టి ఈ ఆటలో ఎవరూ వెనుకబడరు.

పుస్తకం తమకు సరిపోతుందో లేదో వారే తేల్చుకోగలరు: ఏదో ఒక పుట తీసి చదువుతూ, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. పుట అయ్యేలోగా అయిదు వేళ్లూ ముడుచుకుంటే ప్రస్తుతానికి అది కష్టమైన పుస్తకం. అయినా బొమ్మల కోసం దానినే తీసుకుంటానంటే తీసుకోనివ్వు.

పుస్తకం తీసిన చోట ఒక స్కేలు నిలబెట్టి, చదివాక పుస్తకాన్ని తిరిగి అక్కడే పెట్టమని చెప్పు. సెలవు నుంచి వచ్చే టీచరుగారి అమరిక చెదరకూడదు. ఏ రోజు ఏ కథ చదివావో, ఎవరెవరు పుస్తకాలు ఇంటికి తీసుకువెళ్లారో ఒక కాగితం మీద వ్రాసి ఇష్యూ రిజిస్టరులో పెట్టి, తాళంచెవి ఇచ్చినవారి చేతికే తిరిగి ఇవ్వు.

ఇట్లు,
మావయ్య